వార్తాచిత్రాలలో ముంబయి

ఉద్యోగరీత్యా ముంబయి వెళ్ళివచ్చేవారికి ఆ మహానగరం తెలిసేది అతి స్వల్పం. రైల్వే స్టేషను, అతిథిగృహం, సమావేశ మందిరం, తీరిక చిక్కితే గేట్‌వే ఆఫ్ ఇండియా. క్రిందటి పర్యటనలో నాకు ఒక పూట విరామం లభించగా, పెడ్డర్ రోడ్డులోని ఫిల్మ్స్ డివిజన్ ప్రాంగణానికి వెళ్ళాను. 2019లో ప్రారంభమైన భారతీయ సినిమా జాతీయ మ్యూజియం అక్కడి గుల్షన్ మహల్ అనే పాత భవనంలోనూ, దాని చెంతనే నిర్మించిన నూతన భవనంలోనూ ఉన్నది.

1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైంది. మా తరంవారికి ఆ పేరు వినగానే సినిమాహాలులో అసలు చిత్రానికి ముందు వేసే న్యూస్‌రీలు స్ఫురిస్తుంది. (అది ముగిసేదాకా బయట టీ త్రాగుతూ నిలబడేవారూ ఉండేవారు!) అయితే 1980లో మణికౌల్ దర్శకత్వంలో 'అరైవల్' అనే లఘుచిత్రాన్ని నిర్మించినది కూడా ఆ సంస్థయే. అందులో వ్యాఖ్యాత కంఠం వినిపించదు. కూరగాయలు, పండ్లు, గొర్రెలు నగరానికి చేరుతూ ఉంటాయి. మనుషులూ అదే విధంగా వచ్చి పనికోసం నిరీక్షిస్తారు. ఇట్లా వచ్చినవారిలో మనవారు కొత్తేమీ కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో నిజాం రాజ్యం నుండి వెళ్ళిన కట్టడపు కూలీలైన కామాటీల పేరుమీదనే ముంబయిలో కామాటిపుర వెలసింది.

నన్ను మిక్కిలి కలవరపరచిన చిత్రం ఆనంద్ పట్వర్ధన్ 1985లో తీసిన 'బొంబాయి: అవర్ సిటీ'. భవనాలు కట్టిన చేతులవారి గుడిసెలనే పురపాలక సిబ్బంది కూల్చివేస్తారు. మరొకవైపు సంపన్నులు నగర సౌందర్యాన్ని గురించి ముచ్చటిస్తూ ఉంటారు. జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది ఆ సంవత్సరమే. కాని కాలిబాటపై నివసించే హక్కును మాత్రం ఆ తీర్పు ఇవ్వలేదు.

చిత్రంలో ఒక స్త్రీ దర్శకునిపైనే విరుచుకుపడుతుంది. పేదల బొమ్మలు తీసుకుని పేరు గడించడం తప్ప నీవల్ల మాకు ఒరిగేదేమిటని నిలదీస్తుంది. పట్వర్ధన్ ఆ దృశ్యాన్ని కత్తిరించక యథాతథంగా ఉంచాడు. సర్వే పరికరాలు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగిన ఇంజనీరుకు ఆ ప్రశ్న సుపరిచితమే. హైటెన్షన్ లైను సర్వేలో ఒక వృద్ధురాలు నన్ను అడిగింది: "ఈ తీగెలు మా ఇంటిమీదుగా పోతాయి గదా నాయనా, మా ఇంటికి దీపం వస్తుందా?"

పారోమితా వోహ్రా 2006లో తీసిన 'క్యూటూపీ' కూడా చూడదగినదే. మరుగుదొడ్ల ప్రణాళికలో స్త్రీలు ఎక్కడ ఉన్నారని అది అడుగుతుంది. ఇది ముఖ్యంగా మన సివిల్ విభాగం మిత్రులకు.

ఈ చిత్రాలను మన టౌన్‌షిప్ రిక్రియేషన్ క్లబ్బులో ప్రదర్శించవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. ప్రహరీ వెలుపల రేకుల షెడ్లలో నివసిస్తున్న కాంట్రాక్టు కార్మికులను కూడా కుటుంబాలతోసహా ఆహ్వానించాలనీ, వారికి గేటు వద్ద ప్రత్యేక పాసుల ఇబ్బంది లేకుండా చూడాలనీ నా మనవి.