తీసేకొద్దీ ఊరే పాలు

ఉద్యోగంలో చేరాక పాలు ఎండిపోయాయని మన ఆడవాళ్లు చెప్పుకోవడం తరచూ వింటాం. చాలామందికి అవి వాటంతటవే ఎండిపోవు. తీసుకునే వీలు లేక తగ్గిపోతాయి.

26 వారాల సెలవు అయ్యాక హైదరాబాదులో నేను పనిచేసే ప్రైవేటు ఆఫీసుకు తిరిగి వెళ్లాను. పాపకు అప్పుడప్పుడే జావ పెడుతున్నాం. అయినా ఆ వయసులో పాలే ముఖ్యం. మొదటి వారం భోజనాల వేళ పంపు పెడితే 120 మిల్లీలీటర్లు వచ్చేవి. మూడో వారానికి 60కి పడిపోయాయి. అత్తమ్మ మెంతులు, వెల్లుల్లి కారం పెట్టింది. రుచిగానే ఉన్నాయి. పాలు మాత్రం పెరగలేదు.

మా వీధిలో ఉండే నర్సమ్మ అసలు సంగతి చెప్పింది. రొమ్ములో పాలు నిండి అలాగే ఉండిపోతే, తయారీ తగ్గించమని ఒంటికి అదే కబురు. తీసేస్తే మళ్లీ ఊరతాయి, చెలమలో నీళ్లలాగే. పొద్దున ఎనిమిదింటికి పాపకిచ్చి వెళ్తే మళ్లీ సాయంత్రం ఏడింటికే. మధ్యలో తీసేది ఒక్కసారి. ఇంట్లో ఉంటే పాప ఆ వేళకి మూడు నాలుగుసార్లు తాగేది.

1961 ప్రసూతి ప్రయోజన చట్టం 11వ సెక్షన్ బిడ్డకు 15 నెలలు నిండేదాకా, మామూలు విరామం కాక, రోజుకు రెండు పాలిచ్చే విరామాలు ఇచ్చింది. 50 మంది ఉన్నచోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని 2017 సవరణ చెప్పింది. మేం ఎనభై మందిమి. కాగితం ప్రింటు తీసి మేనేజరు ముందు పెట్టాను.

"బిడ్డ ఇక్కడ లేదుగా, ఎవరికిస్తావమ్మా?" అన్నాడు.

"కేంద్రం పెట్టలేదు కాబట్టే లేదు సార్" అన్నాను.

పాత ఫైళ్ల గది దొరికింది, లోపల గడియతో సహా. పదకొండుకి ఒకసారి, నాలుక్కి ఒకసారి, భోజనాల వేళ ఎలాగూ ఉంది. మొదట్లో ఎవరు తలుపు కొడతారోనన్న బెదురుకి చేపు వచ్చేది కాదు. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ కాసేపు వేసి, ఫోనులో పాప వీడియో చూస్తే వచ్చేది. పంపు ఆగాక చేత్తో పిండితే ఇంకాస్త దిగేవి. పంపు కొనలేని వాళ్లకి శుభ్రంగా కడిగిన చేతులు చాలు. రాత్రి పాలు మానిపించలేదు, పాలు ఊరించే హార్మోను రాత్రిపూటే ఎక్కువ. మన ఎండలకి తీసిన పాలు బయట ఉంచకూడదు, వెంటనే ఐసు సంచిలోకి, ఇంటికెళ్లాక ఫ్రిజ్‌లోకి. అక్కడ నాలుగు రోజులుంటాయి. పది రోజులకి పూటకి 100 దాటాయి.

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లును సమర్థిస్తూ బాబాసాహెబ్, ఈ భారం ప్రధానంగా ప్రభుత్వం మోయాలనీ, యజమానికీ వాటా ఉండాలనీ వాదించారు. ఫ్యాక్టరీ కార్మికురాళ్ల కోసం వచ్చిన బిల్లు అది. నాట్లకెళ్లిన మా అమ్మ దాకా అలాంటి చట్టమేదీ రాలేదు. చెట్టుకు చీర ఉయ్యాల కట్టి నన్ను పడుకోబెట్టేది. పాలివ్వడానికి గట్టెక్కితే మేస్త్రి ఆ పొద్దు కూలిలో కోసేవాడట. రొమ్ములు రాళ్లలా గట్టిపడ్డా వంగి నాటేదాన్నని చెప్పింది.

మొన్న వచ్చినప్పుడు పంపును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీనికి కూసుంటే జీతం కొయ్యరు గదా?" అని అడిగింది.