నేలని తాకని మార్పులు

కొన్న ఆటని కొన్నట్టే ఆడాలని రూలేం లేదు. 2016లో వచ్చిన ‘స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్’కి అభిమానులు కొత్త డ్రాగన్లూ ఇళ్లూ చేరుస్తూనే ఉన్నారు. ఇవే మాడ్‌లు. నేరుగా ఆట ఫోల్డర్లో కుమ్మరిస్తే ఒక ఫైలు మీద ఇంకోటి పడి, ఏది ఎవరిదో తేలదు. మళ్లీ దించుకోవాలంటే 10 జీబీల పైమాటే. లేపాక్షిలో మా ఇంటి నెట్‌కి అది రెండ్రోజుల పని!

పైగా కంప్యూటర్ ఒకటి, పిల్లలు ఇద్దరు. బాబుకి డ్రాగన్లు కావాలి, పాపకి పూలతోటలు. అందుకే మాడ్‌లని సర్దే సాఫ్ట్‌వేర్ వెతికాం. ‘వోర్టెక్స్’ సులువు. మాడ్‌లని విడిగా దాచి, ఆట ఫోల్డర్లోకి లంకెలు వేస్తుంది. ‘మాడ్ ఆర్గనైజర్ 2’కి కాస్త ఓపిక కావాలి. కానీ అది ఆట ఫోల్డర్ని కదిలించదు. తన ద్వారా ఆట తెరిచినంతసేపే మాడ్‌లు అక్కడున్నట్టు చూపిస్తుంది.

‘మన గుళ్లో వేలాడే స్తంభంలా నేలకి ఆనదన్నమాట’ అంది పాప. దాన్నే ఎంచుకుని, చెరో ప్రొఫైల్ పెట్టాం. సేవ్‌లు కూడా విడివిడిగా ఉండేలా చూసుకున్నాం.

ఒక్క జాగ్రత్త. ఆట మధ్యలో మాడ్ తీసేస్తే సేవ్ పాడవ్వచ్చు. అప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ ఆదుకోదు. మాడ్‌లేవో ముందే తేల్చుకుని, ఆ తర్వాతే ఆట మొదలెట్టండి.