చీకట్లో వెచ్చని చుక్క

ఎండాకాలం. మర్రిగూడలో పొద్దుగూకింది. బత్తాయి తోట గట్టున నిలబడి థర్మల్ మోనోక్యులర్‌ను కంటికి ఆనించాను. అరచేతిలో ఇమిడే ఈ ఒంటికంటి దుర్భిణికి వెలుతురు అక్కర్లేదు. వస్తువుల వేడిని పట్టి బొమ్మ కడుతుంది. టార్చిలైటులా జంతువును బెదరగొట్టదు.

కానీ ఎటు చూసినా తెల్లటి మచ్చలే! పగలంతా కాగిన గుండ్లు ఇంకా వేడి వదల్లేదు. ‘జర ఆగుండ్రి సారూ, రాళ్లు సల్లవడాలె’ అన్నాడు తోట రైతు. తెల్లవారుజామున మళ్లీ చూస్తే గుండ్లు మసకబారాయి. వాటి మధ్య వెచ్చని చుక్క ఒకటి గెంతింది... చెవులపిల్లి!

2020 మే నెలలో ఈ మండలంలోనే, రాజపేట తండా దగ్గర ఓ చిరుత కంచె తీగలో చిక్కుకుంది. మత్తిచ్చి విడిపించినా బతకలేదు. అది గుర్తొచ్చి దుర్భిణిని కంచె వైపు తిప్పాను. తీగ జాడే లేదు! సన్నటి తీగకు సొంత వేడి ఉండదుగా. చిరుత వస్తే ఈ పరికరం చూపిస్తుంది. దానికి బిగుసుకునే తీగను మాత్రం చూపించలేదు.

పందులు పడితే పంట దక్కదన్న భయం రైతుది. తప్పు పట్టలేం. తెల్లారాక ఇద్దరం కంచె వెంట నడిచాం, ఉచ్చులా వేలాడే తీగ ఎక్కడైనా ఉందేమోనని వెతుక్కుంటూ. ఆ పనికి మామూలు కళ్లే కావాలి.