శిబిరానికి ఏ తుపాకి?

అరకు శిబిరానికి బయలుదేరుతున్న విద్యార్థులు మొన్న నన్నడిగారు: "సార్, మృగాల నుండి రక్షణకు ఏ తుపాకి మేలు?"

పూర్వమొకసారి మేము అనంతగిరి కొండలలో విడిది చేశాము. మాతో వచ్చిన పెద్దమనిషి వద్ద లైసెన్సు గల రెండు గొట్టాల తుపాకి ఉండేది. నడిరేయి పొద కదిలింది. "ఎలుగుబంటి!" అన్నారెవరో. ఆయన గురిపెట్టారు. ఇంతలో నేను టార్చిలైటు వేశాను. నీళ్ల చెంబుతో నిలిచి ఉన్నవాడు మా విద్యార్థి! ఆ రాత్రి మరి నాకు నిద్ర పట్టలేదు.

ఎలుగు చేరువ పొదలో నుండి హఠాత్తుగా మీద పడుతుంది. గురిచూచే వ్యవధి ఉండదు. గాయపడిన మృగము మరింత ప్రమాదకరము. పైగా 1959 నాటి ఆయుధ చట్టము లైసెన్సు కోరుతుంది. వ్రాతపూర్వకమైన అనుమతి లేనిదే అభయారణ్యములోనికి ఆయుధము తేరాదని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము శాసిస్తుంది. చిరుతలు తిరిగే మన కంబాలకొండ అట్టి అభయారణ్యమే.

కనుక ప్రియ విద్యార్థులారా! గుంపుగా నడవండి, బిగ్గరగా మాట్లాడుకొండి, తినుబండారాలను గుడారానికి దూరముగా ఉంచండి, రాత్రివేళ దీపము లేనిదే అడుగు వేయకండి. వదలిన గుండును వెనుకకు పిలువలేము.