రసీన్ పెద్దాయన జాకీలు

మిల్వాకీ నుంచి దక్షిణంగా ఓ నలభై కిలోమీటర్లు వస్తే మిషిగన్ సరస్సు ఒడ్డున రసీన్. విస్కాన్సిన్‌లో ఉండే మనవాళ్లు చుట్టాల్ని వెంటబెట్టుకుని ఈ ఊరొస్తే ఫ్రాంక్ లాయిడ్ రైట్ గీసిన జాన్సన్ వ్యాక్స్ ఆఫీసు చూపిస్తారు, డేనిష్ బేకరీలో క్రింగిల్ కొనిపెడతారు, తిరుగుముఖం పడతారు. నేను మాత్రం ఓ ఇంటి గ్యారేజీలో పాత హైడ్రాలిక్ జాకీలు చూద్దామని వెళ్లాను. రెండు కార్లు పట్టే గ్యారేజీ అది. రెండు కార్లూ బయట మంచులోనే ఉన్నాయి. లోపల గోడ వారగా, బెంచీ కింద, వాటర్ హీటర్ పక్కన, ఎక్కడ చూసినా జాకీలే. ఇంటావిడ అడగడం ఎప్పుడో మానేసిందట.

ఆ ఇంటి పెద్దాయన రిటైరైన మెషినిస్టు. మా ఆఫీసులో ఒకతనికి వరసకు మామయ్య. ఇన్ని జాకీలు ఎక్కడ దొరికాయని అడిగితే, "ఇక్కడ దొరక్కపోతే ఇంకెక్కడ దొరుకుతాయి?" అన్నాడు. నిజమే. ఇప్పుడు సైలెన్సర్ల పేరుగా మిగిలిన వాకర్ కంపెనీ రసీన్‌దే, అది ఒకప్పుడు జాకీలకు పెట్టింది పేరు. అలాంటివే హైన్-వెర్నర్ వాకెషాలో, బ్లాక్‌హాక్ మిల్వాకీలో. కాస్త కిందికి, ఇల్లినాయ్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, 1910లో ఇద్దరు అన్నదమ్ములు పెట్టిన వీవర్. పక్కనే కెనోషాలో నాష్ కార్లు, ఈ ఊళ్లోనే కేస్ ట్రాక్టర్లు తయారయ్యేవి. ఆ చుట్టుపక్కల పాత సర్వీస్ స్టేషన్ ఏది మూతపడ్డా మూలనుంచి ఓ జాకీ బయటికొస్తుంది. దాన్ని ఇనుప సామాన్లవాడు బరువు లెక్కన తూకం వేసేలోపు ఈయన చేరుకోవాలి. బరువుకేం తక్కువ లేదు, నాలుగు టన్నులు ఎత్తే రకం తొంభై కిలోల దాకా తూగుతుంది.

అలాంటి వాకర్ ఒకదాన్ని బయటికి లాగాడు. ఇనుప చక్రాలు కాంక్రీటు మీద గరగరమన్నాయి. పక్కనున్న పెడల్‌ని కాలితో తొక్కితే సాడిల్, అంటే బండికి ఆనే గిన్నె భాగం, నాలుగు తొక్కులకే పికప్ అడుగుదాకా లేచింది. అక్కణ్ణుంచి హ్యాండిల్ వంతు. ముందు చక్రం నేల విడిచేసరికి ఆయనకు ఆయాసం కూడా రాలేదు. నేను మెచ్చుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎత్తడం ఏ జాకీ అయినా ఎత్తుతుంది. కొనేముందు దింపి చూడు."

హ్యాండిల్ కొసనున్న పిడిని కాస్తంత తిప్పాడు. పికప్ వెంట్రుకవాసి చొప్పున దిగుతోంది. మధ్యలో ఆపాడు, ఆగింది. మళ్లీ దించాడు. చౌక జాకీలు నేనూ వాడాను. వాటిల్లో పిడి సగం తిరిగేదాకా ఉలుకూపలుకూ ఉండదు, ఆపైన బండి ధడాల్న పడుతుంది. ఇంత బరువు ఇనుము పోగేసుకోవడమేమిటని మనసులో ఉన్న వెటకారం నాకు అక్కడితో పోయింది.

బెంచీ మీద ఒకటిన్నర టన్నులు ఎత్తే హైన్-వెర్నర్ విప్పి ఉంది. ఎవరో మహానుభావుడు అందులో బ్రేక్ ఆయిల్ పోశాడట. రబ్బరు సీలు ఉబ్బి, గోటితో గిల్లితే ఊడొచ్చేంత మెత్తబడింది. జాకీకి జాకీ నూనే పొయ్యాలి, అదీ ర్యామ్, అంటే బరువెత్తే పిస్టన్, పూర్తిగా లోపలికి వెళ్లాకే. ర్యామ్ బయట ఉండగా నిండా పోస్తే, అది వెనక్కొచ్చేటప్పుడు నూనెకు చోటుండక ఎక్కడో ఓ చోట కక్కుతుంది. పంపు దారిలో రెండు ఉక్కు గోళీలున్నాయి, ఒకటి నూనెను లోపలికి రానిస్తుంది, రెండోది వెనక్కి పోనివ్వదు. ఎత్తిన బండి తనంతట తాను కుంగుతోందంటే ఆ రెండో గోళీ కిందో, దింపే వాల్వులోనో నలుసు పడిందన్నమాట. ఆయన గోళీని దాని గుంటలో కూర్చోబెట్టి, ఇత్తడి కడ్డీ ఆనించి, సుత్తితో ఒక్కటి తట్టాడు. గుంట అంచు గోళీకి సరిగ్గా అచ్చు పడింది. రిపేరు అంతే.

ఇంకో డబ్బాలో పాత జాకీలకు సీళ్లుగా వేసే తోలు కప్పులు చూపించాడు, నూనెలో నానుతున్నాయి. వీటికో చరిత్ర ఉంది. పాస్కల్ సూత్రాన్ని పట్టుకుని హైడ్రాలిక్ ప్రెస్‌కి 1795లో పేటెంట్ తీసుకున్నది ఇంగ్లండు మనిషి జోసెఫ్ బ్రామా. లావు పిస్టన్ వ్యాసం సన్నదానికి నాలుగు రెట్లుంటే బలం పదహారు రెట్లవుతుంది. లెక్క బాగానే ఉంది, ఆ ఒత్తిడికి ప్రెస్‌లోని నీళ్లు అంచుల్లోంచి కారకుండా ఆపడమెలా? బ్రామా దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్స్‌లే తోలు సీలుతో దాన్ని ఆపాడని చెబుతారు. ఒత్తిడి పెరిగేకొద్దీ తోలు అంచు దానంతటదే విచ్చుకుని గోడకు అంటుకుంటుంది. కారిపోవాలని చూసే నీళ్ల చేతే దారి మూయించడమన్నమాట. ఆ ఎత్తుగడే ఈ డబ్బాలో నానుతోంది.

పాతదని అన్నిటికీ మొక్కనక్కర్లేదు. కిందికి వాలిపోయిన ఇప్పటి కార్ల కింద ఈ వాకర్ తల దూరదు. ఆయన భార్య కారుకి ఆయనే అల్యూమినియం జాకీ వాడతాడు, ఒంటిచేత్తో ఎత్తుకొస్తాడు. చక్రాలు తుప్పుపట్టి బిగుసుకున్న జాకీని అసలు ముట్టుకోవద్దన్నాడు. సాడిల్ నిటారుగా లేవదు, వంపుగా లేస్తుంది. జాకీ ఆ మేరకు ముందుకు దొర్లాలి, దొర్లకపోతే బండినే పక్కకి లాగేస్తుంది. మట్టినేల మీద, కంకర మీద ప్రమాదం జరిగేది అందుకే. ఇక బండి కింద దూరాలంటే స్టాండ్లు పెట్టాల్సిందే, జాకీని నమ్ముకుని పడుకోకూడదు. ఆ స్టాండ్లయినా చూసి కొనాలి. 2020లో ఓ కంపెనీ లక్షల స్టాండ్లను వెనక్కి తీసుకుంది.

విజయవాడ ఆటోనగర్‌లో జాకీల రిపేరుకు కొట్లుంటాయని చెప్పాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. సీలు ఎక్కణ్ణుంచి తెస్తారు? తోలా, రబ్బరా? రోజుకెన్ని వస్తాయి? ఇక్కడ ఈ పని ఇప్పుడు ఎక్కువగా సరదాకి చేసేదే, అక్కడ దాంతో ఇల్లు గడుస్తుందంటే ఆయనకు నమ్మబుద్ధి కాలేదు. నాకు తెలిసినంత చెప్పాను, తెలియనిది మా బావని అడిగి చెప్తానన్నాను.

బయల్దేరుతుంటే ఓ చిన్న వీవర్‌ని కాలితో నా వైపు నెట్టి, "రెండొందల డాలర్లు, నీకు కాబట్టి" అన్నాడు. మా అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ దగ్గర బండి రిపేర్లు కూడదని నిబంధన ఉందని చెప్పాల్సి వచ్చింది. ఆయన కాసేపు ఆలోచించి, ఇల్లు కొనేటప్పుడు పడగ్గదులు లెక్కపెట్టేముందు గ్యారేజీ కాంక్రీటు మందం ఎంతో అడగమన్నాడు. నాలుగంగుళాలకు తగ్గితే ఆ ఇల్లు వద్దన్నాడు.