దానికి వెనుక కాళ్లున్నాయని ఎవరైనా చెప్పారా?

“డాక్టర్ గారూ, వీడు ఉత్త మొండి. ఎంత చెప్పినా కాలి పక్కన నడవడు.”

సింగపూర్‌లోని చోవా చూ కాంగ్‌లో కుక్కలకు వైద్యం చేస్తున్న నాకు ఈ ఫిర్యాదు వినబడని వారం ఉండదు. మన తెలుగువాళ్లు చెబుతారు, పక్క బ్లాకు చైనీస్ ఆంటీలూ చెబుతారు. వెనకే రెండో మాట కూడా వస్తుంది: లీష్ పట్టుకుని గట్టిగా ఒక్క గుంజు గుంజితే దారికొస్తుందని ఎవరో చెప్పారట. గుంజారు, రాలేదు. ఇంకా గట్టిగా గుంజారు.

అక్కడే నాకు కోపం ఆగదు. గుంజిన పట్టీ కుక్క మెడకు తగులుతుంది. చిక్కంతా ఉన్నది నడుము వెనక.

కుక్క శరీర బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్లే మోస్తాయి. అవి దాని కళ్ల ముందే ఉంటాయి కాబట్టి ఎక్కడ వేస్తున్నదీ దానికి తెలుస్తుంది. వెనుక కాళ్లు తల వెళ్లిన దారినే వచ్చేస్తాయి. వాటిని విడిగా పక్కకు జరపడం, వెనక్కి వేయడం ఎవరూ నేర్పకపోతే చాలా కుక్కలకు రాదు. మీ ఎడమ పక్కన నడిచే కుక్క, మీరు ఎడమకు తిరిగితే తన వెనుక భాగాన్ని మీ వెనక్కి తిప్పుకోవాలి. అది చేతకాని కుక్క మీ మోకాలికి అడ్డంగా నిలబడిపోతుంది. దాన్ని మీరు ధిక్కారం అంటున్నారు.

మన ఊళ్లలో పొలం గట్ల మీద, రాళ్ల మధ్య తిరిగే కుక్కకు ఈ పాఠం నేలే చెబుతుంది. ఇక్కడి ప్రభుత్వ హెచ్‌డీబీ ఫ్లాట్‌లో నున్నటి టైల్స్ మీద పెరిగే పూడుల్‌కి చెప్పేదెవరు? పైగా ఈ ఫ్లాట్లలో ఒక్క కుక్కనే పెంచుకోవాలి, అదీ సాధారణంగా అనుమతించిన చిన్న జాతుల్లోదే అయ్యుండాలి. పూడుల్, పొమరేనియన్ లాంటి చిన్న జాతులకు మోకాలి చిప్ప పక్కకు జారే జబ్బు ఎక్కువ. డాక్స్‌హండ్‌కైతే వెన్నుపూసల మధ్య డిస్కులు చిన్న వయసులోనే గట్టిపడి, ఒక్కోసారి పగిలి వెన్నుపామును నొక్కుతాయి. వెనుక కాళ్ల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన జాతులే మన లిఫ్టుల్లో తిరుగుతున్నాయన్నమాట.

లిఫ్టు మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఇక్కడ ఈ విద్య పోటీల కోసం కాదు. అంత చిన్న చోట ఒక ముస్లిం పెద్దాయన నిలబడి ఉంటారు, కుక్క తడి ముక్కు తగలకూడదని ఆయన నియమం. మరో మూల కుక్కంటే భయపడే పాప ఉంటుంది. మీ కుక్క ఉన్నచోటే వెనుక భాగాన్ని లోపలికి తిప్పి మీ కాలికి ఆనుకోగలిగితే ముగ్గురికీ ప్రశాంతం.

నేర్పడానికి ఖర్చేమీ లేదు. నాలుగు వేళ్ల ఎత్తున్న, జారని, కదలని పీట ఒకటి చాలు. కింద రబ్బరు చాప పరవండి. పాదాల మధ్య పెరిగిన వెంట్రుకలు, గోళ్లు ముందే కత్తిరించండి. ముందు కాళ్లు రెండూ పీట మీద పెట్టగానే ట్రీట్ ఇవ్వండి. తర్వాత దాని ఎదురుగా నిలబడి నెమ్మదిగా పక్కకు జరగండి. మీకు ఎదురుగా ఉండాలని అది వెనుక కాలు ఒక్కటి పక్కకు వేస్తుంది. ఆ ఒక్క అడుగుకే మెచ్చుకోండి, రెండో అడుగు కోసం ఆశపడకండి. రెండు వైపులా తిరగడం వచ్చాక దాని పక్కన నిలబడి, దాని వైపే కొద్దిగా తిరగండి. ట్రీట్‌ను దాని ముక్కు దగ్గర పెట్టి మీ నుంచి బయటికి జరిపితే వెనుక భాగం దానంతటదే మీ వైపు వస్తుంది. అది కుదిరాక పీట తీసేయండి. రోజూ కొద్ది నిమిషాలు చేస్తే చాలు.

ఆ కొద్ది నిమిషాలే ఎవరికీ దొరకవు! మోకాలి చిప్ప మొదటి దశలో జారుతున్న ఒక పూడుల్‌కి ఇదే వ్యాయామం రాసిచ్చాను. మూడు వారాల్లో కుంటు తగ్గింది. తగ్గిందని మానేశారు. కొన్ని నెలల తర్వాత బరువు పెరిగి, మళ్లీ కాలు ఎత్తి గెంతుతూ వచ్చింది. “బాగానే ఉంది కదా అని ఆపేశామండీ.” బాగుండటానికి కారణమేదో దాన్నే ఆపేశారు.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఒక డాక్స్‌హండ్. మలుపుల్లో వెనుక కాళ్లు తడబడుతుంటే బద్ధకమన్నారు. ఎవరి సలహా మీదనో లీష్ గుంజుతూ నడిపించారు. నా బల్ల మీదకు వచ్చేసరికి వెనుక కాళ్లు పడిపోయాయి, కాలి వేలు గట్టిగా నొక్కినా నొప్పి తెలియడం లేదు. ఆ దశలో ఆపరేషన్ చేసినా తిరిగి నడిచేవి సుమారు సగమే. అది ఆ సగంలో లేదు. దాని వెనుక పాదాల నడిమి గోళ్లు పైవైపు అరిగి ఉన్నాయి, పాదం ఈడ్చుకుంటూ నడిచిన గుర్తుగా. కాలిబాట మీద రోజూ గీరుకునే ఆ చప్పుడు ఇంట్లో అందరూ విన్నారు. అది తప్పు చేయలేదు, దెబ్బలాంటి గుంజులు మాత్రం తింది.

ఒక పెద్దావిడ మరోలా చేశారు. 2012లో మొదలైన ప్రాజెక్ట్ అడోర్ వల్ల వీధి నుంచి రక్షించిన సంకర జాతి కుక్కలకూ కొన్ని షరతులతో ఈ ఫ్లాట్లలో చోటు దొరుకుతోంది. అలా వచ్చిన ఒక పిరికి కుక్కను ఆవిడ పెంచుకున్నారు. రోజూ భోజనం ముందు పీట దగ్గర నిలబెట్టి ఓపికగా నేర్పారు. ఇప్పుడు క్లినిక్ ఇరుకు వరండాలో ఆవిడ తిరిగితే అదీ తిరుగుతుంది, లీష్ వదులుగానే ఉంటుంది. ఆవిడ చేతులు చూసి నా కడుపు నిండింది.

ఈ రాత్రే పీట బయటికి తీయాలనుకుంటున్నారా? మొదట కుక్కను నిలబెట్టి, కడుపు కింద చెయ్యి ఆనించి, వెనుక పాదాన్ని ఒకసారి మెల్లగా మడిచి పైభాగం నేలకు ఆనేలా పెట్టండి. ఆరోగ్యమైన కుక్క వెంటనే తిప్పుకుంటుంది. తిప్పుకోవడం ఆలస్యమైనా, నడుము ముట్టుకుంటే అరిచినా, నడిమి గోళ్లు అరిగి కనిపించినా పీట పక్కన పెట్టేయండి. ఎత్తుకుని తీసుకురండి, నడిపించవద్దు. అపాయింట్‌మెంట్ లేదని ఆగకండి.