పలక చిన్నదా, పెద్దదా?

పిల్లలూ,

మీ ఇంట్లో కూడా ఈ తగాదా వచ్చే ఉంటుంది. టాబ్లెట్ కొనాలి. తలకొకటి కాదు, ఇంటిల్లిపాదికీ కలిపి ఒక్కటే. దుకాణంలో చూడబోతే చిన్నవీ ఉన్నాయి, పెద్దవీ ఉన్నాయి. ఒంటిచేత్తో పట్టుకునే 8 అంగుళాలది కొనాలా, ఒడిలో పెట్టుకునే 11 అంగుళాలది కొనాలా?

ఈ ప్రశ్నకు నేను ఒకసారి తప్పు జవాబు చెప్పాను. అయితే దాని ఫలితం అనుభవించినది నేను కాదు, మా చిన్నవాడు. ఆ సంగతి చెబుతాను, వినండి. మీ అమ్మనూ నాన్ననూ కూడా పక్కన కూర్చోబెట్టుకుంటే మరీ మంచిది.

ముందుగా ఒక మాట. మా అమ్మ దృష్టిలో టాబ్లెట్ అంటే డాక్టరు ఇచ్చే మాత్ర. అందుచేత ఆమె ఈ వస్తువును మొదటినుంచీ "పలక" అనే అంటున్నది. మాకూ అదే అలవాటయింది. మీరు కూడా అలాగే అనుకోండి.

రెండేళ్ళ క్రితం నేను 8 అంగుళాల పలక కొన్నాను. దాని వెల తక్కువ. పైగా, పిల్లల చేతులు చిన్నవి గనక వాళ్ళకు చిన్నపలకే సుఖమని అనుకున్నాను. మా చిన్నవాడు అప్పుడు 3వ తరగతి. వాళ్ళ బళ్ళో అదనంగా చదవవలసిన పాఠాలు ఉంటే, ఆ పేజీలను ఫోటోలు తీసి మాకు పంపేవారు. వాడు ప్రతి సాయంకాలమూ వాటిని పలకలో చదువుకునేవాడు.

ఒకరోజు వాడు ఉక్తలేఖనం పుస్తకం తెచ్చి, నాకు చూపించకుండా దాచటం చూశాను. తీసి చూస్తే పది మాటలలో ఆరు తప్పులు! "కథ" అని రాయవలసిన చోట "కద" అని ఉన్నది. "ధాన్యం" కాస్తా "దాన్యం" అయింది. "ఫలితం" "పలితం" అయింది. నాకు కోపం వచ్చింది.

"3వ తరగతికి వచ్చావు, ఇంకా ఒత్తులు రావా? చదివేటప్పుడు మనసు ఎక్కడ పెడుతున్నావు?" అని కేకలు వేసి, ఒక్కొక్క మాటా ఇరవైసార్లు రాయించాను. వాడు మారు మాట్లాడకుండా రాశాడు. కాని మరుసటి వారం వేరే మాటలలో అవే తప్పులు వచ్చాయి. మళ్ళీ కేకలు, మళ్ళీ ఇరవైసార్లు రాయటం. కొద్దిరోజులకు వాడు పలక చేతికిస్తేనే ముఖం చిన్నబుచ్చుకోసాగాడు.

అసలు సంగతి పట్టుకున్నది మా అమ్మ. ఆమె రోజూ వ్యాసపీఠం మీద రామాయణం పెట్టుకుని చదువుతుంది. అది పెద్ద అక్షరాల పుస్తకం. ఒక సాయంకాలం ఆమె మనవణ్ణి పిలిచి, "నా కళ్ళు అలిసిపోయాయిరా, ఈ పేజీ నువ్వు చదివిపెట్టు," అన్నది. వాడు చదివాడు. "ధర్మం" అన్నాడు, "కథ" అన్నాడు, "ఫలం" అన్నాడు. ఒక్క ఒత్తు కూడా పోలేదు!

మా అమ్మ నన్ను కేకేసి, "వీడికి ఒత్తులు రావన్నావే! ఏదీ, ఆ పలక ఇలా తీసుకురా," అన్నది. పలకలో ఉన్న పాఠాన్ని కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"ఇందులో ఒత్తు ఎక్కడున్నదిరా? నాకు కనబడటం లేదు. కనబడనిదాన్ని వాడు మాత్రం ఎలా చదువుతాడు?" అన్నది.

నేను స్కేలు తెచ్చి కొలిచాను. బడివారు ఫోటో తీసిన కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. మా పలక తెర వెడల్పు 10.8 సెంటీమీటర్లు. అంటే పేజీ మొత్తం తెరమీద పట్టాలంటే ప్రతి అక్షరమూ సగానికి కుంచించుకుపోవాలి.

ఇక మన అక్షరాల సంగతి చూడండి. "ద" కింద ఒక చిన్న గీత పెడితే "ధ" అవుతుంది. "ప" కింద గీత పెడితే "ఫ" అవుతుంది. "డ" కూ "ఢ" కూ ఉన్న తేడా కూడా అంతే. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా పైన ఉన్న ఒక చిన్న మెలిక. "శాస్త్రం" అన్న మాట రాసి చూడండి: అసలు అక్షరం ఒక అంతస్తు అయితే, ఒత్తులు దాని కింద మరొక అంతస్తు. కాగితం మీద ఒక మిల్లీమీటరు ఉన్న గీత, మా పలకలో అర మిల్లీమీటరు అయింది. ఫోటో కాస్త మసకగా ఉంటే ఆ గీత మాయమే!

మీకొక సందేహం రావచ్చు. "కనబడకపోతే వాడు చెప్పవచ్చు గదా?" అని. చెప్పలేదు, ఎందుకంటే వాడికి తెలియదు. మన కంటిలో ఒక కటకం ఉన్నది. దగ్గరి వస్తువును చూడాలంటే అది ఉబ్బాలి. చిన్నపిల్లల కటకం మెత్తగా ఉండి సులువుగా ఉబ్బుతుంది. అందుచేత అక్షరం చిన్నదైతే వాళ్ళు పలకను ముక్కుదాకా తెచ్చుకుని చదివేస్తారు. కష్టంగా ఉన్నదని అనరు. మిగిలినది ఊహించుకుంటారు. వయసు పెరిగినకొద్దీ కటకం గట్టిపడుతుంది. అందుకే మా అమ్మకు తెలిసిన కష్టం వాడికి తెలియలేదు.

ఆ రాత్రి వాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని, "తప్పు నాదిరా, నీది కాదు," అన్నాను. వాడు వెంటనే ఏమీ అనలేదు. కొంచెం ఆగి, "మరి నేను రాసిన ఇరవైసార్లు?" అని అడిగాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

అప్పటినుంచి పాఠాల పేజీలను కాగితం మీద అచ్చు తీయించి ఇస్తూ వచ్చాను. ఈ వేసవిలో ఆ పలక మంచం మీదినుంచి పడి పగిలింది. మళ్ళీ కొనాలి. మళ్ళీ అదే ప్రశ్న. ఈసారి తొందరపడదలచలేదు.

మా పెద్దమ్మాయి 9వ తరగతి. రోజూ బస్సులో బడికి వెళుతుంది. "సంచీలో పుస్తకాలు ఇప్పటికే మోయలేకపోతున్నాను. చిన్నపలకే కొనండి నాన్నా. 8కీ 11కూ మూడంగుళాలేగా తేడా!" అన్నది.

"ఆ మూడంగుళాలు ఎక్కడ కొలిచారో తెలుసా?" అన్నాను.

పలక సైజు చెప్పేటప్పుడు పొడవూ చెప్పరు, వెడల్పూ చెప్పరు. తెర ఒక మూలనుంచి ఎదుటి మూలకు ఏటవాలుగా కొలిచి చెబుతారు. లెక్కల పుస్తకంలో దీనికి కర్ణం అని పేరు. 8 అంగుళాల పొడవూ 6 అంగుళాల వెడల్పూ ఉన్న తెర కర్ణం 10 అంగుళాలు. ఎందుకంటే 64కు 36 కలిపితే 100. పదిని పదితో హెచ్చవేసినా 100. ఒకే ఆకారం గల రెండు తెరల వైశాల్యాలను పోల్చాలంటే కర్ణాలను వాటితో వాటినే హెచ్చవేసి చూడాలి. 8 ఎనిమిదులు 64. 11 పదకొండ్లు 121. అంటే మూడంగుళాల తేడాకు తెర దాదాపు రెట్టింపు అవుతున్నది!

మా అమ్మాయి కాగితం మీద లెక్క వేసి చూసుకుని, "బాగానే మోసం చేస్తున్నదే ఈ కర్ణం!" అన్నది.

ఆకారం మారితే ఈ లెక్కా కొద్దిగా మారుతుంది. కర్ణం ఒకటే అయినా, సన్నగా పొడుగ్గా ఉన్న తెరకన్న చదరానికి దగ్గరగా ఉన్న తెర వైశాల్యం ఎక్కువ. అందుచేత కొనేముందు పొడవూ వెడల్పూ కూడా అడగండి.

ఈ తగాదా పలకలు చేసేవాళ్ళలో కూడా వచ్చింది. 2010లో ఆపిల్ కంపెనీ 9.7 అంగుళాల ఐప్యాడ్‌ను అమ్మకానికి తెచ్చింది. అదే ఏడు ఇతరులు 7 అంగుళాల పలకలు తేబోతే, ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్, 7 అంగుళాల తెర వైశాల్యం తమ తెరలో నూటికి 45 వంతులేననీ, అది చాలదనీ చెప్పాడు. ఆయన 2011లో చనిపోయాడు. 2012లో అదే కంపెనీ 7.9 అంగుళాల చిన్న ఐప్యాడ్‌ను తెచ్చింది! చిన్నదానికీ దాని పని దానికి ఉన్నదన్నమాట.

మరి మన పని ఏదో తెలుసుకోవటం ఎలా? దీనికి ఒక మంచి ఉపాయం ఎప్పుడో 1968లో అమెరికాలో ఆలన్ కే అనే శాస్త్రజ్ఞుడు చేసి చూపాడు. అప్పటి కంప్యూటర్లలో చాలావాటికి ఒక గది కావలసివచ్చేది. అటువంటి రోజుల్లో ఆయన, పిల్లలు చేత్తో పట్టుకుని చదువుకునే కంప్యూటరును ఊహించాడు. అది లేదు గనక, అట్టతో దాని నమూనా చేశాడు. ఎంత బరువు వరకు హాయిగా పట్టుకోవచ్చునో తెలుసుకోవటానికి అందులో సీసపు గుళ్ళు పోశాడు! రెండు పౌన్లకన్న, అంటే సుమారు 900 గ్రాములకన్న, తక్కువ ఉండాలని తేల్చాడు.

మేమూ అట్టలు కత్తిరించాము. చెప్పుల పెట్టెల అట్టతో ఒకటి 8 అంగుళాల కర్ణానికి, మరొకటి 11 అంగుళాల కర్ణానికి పలకలు చేశాము. సీసపు గుళ్ళు లేవు గనక కందిపప్పు పొట్లాలు కట్టి వెనక అంటించాము. వంటింటి తక్కెడలో తూచి, చిన్నదాన్ని 330 గ్రాములకూ, పెద్దదాన్ని 490 గ్రాములకూ సరిచేశాము. దుకాణంలో చూసిన రెండు పలకల బరువులూ అవే.

తరువాత ఒక పాఠం పేజీ తీసుకుని జిరాక్సు దుకాణానికి వెళ్ళాము. "ఒకటి నూటికి 51 వంతులకు, ఒకటి 70 వంతులకు తగ్గించి తీయండి," అన్నాము. 8 అంగుళాల తెరమీద పేజీ తగ్గేది 51 వంతులకు. 11 అంగుళాల తెరమీద 70 వంతులకు. వాటిని అట్టల మీద అంటిస్తే మా పలకలు తయారయాయి. ఖర్చు పట్టుమని పది రూపాయలు కూడా కాలేదు.

ఇక పరీక్ష. చిన్న అట్టను మా చిన్నవాడు ఒంటిచేత్తో పట్టుకుని ఎంతసేపైనా కూర్చోగలిగాడు. కాని మూరెడు దూరంలో పెట్టి చదవమంటే ఒత్తుల దగ్గర తడబడ్డాడు. పెద్ద అట్టమీద ఒక్క తప్పు లేకుండా చదివాడు. మా అమ్మ కూడా చదివింది. అయితే పది నిమిషాలయేసరికి వాడి చెయ్యి వాలిపోయింది.

"దానికేముంది?" అని మా అమ్మ లేచి వెళ్ళి, తన వ్యాసపీఠం తెచ్చి ముందు పెట్టింది. పెద్ద అట్ట దానిమీద చక్కగా కూర్చున్నది! బరువు సమస్య తీరిపోయింది.

మా అమ్మాయి మాత్రం ఒప్పుకోలేదు. "నేను కథలు చదివే పుస్తకాలలో అక్షరాలు ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు గదా!" అన్నది. అది నిజమే. పలకలో చదివే పుస్తకాలు రెండు రకాలు. ఒక రకంలో అక్షరాలు నీళ్ళలాగా, ఏ పాత్రలో పోస్తే దాని ఆకారానికి సర్దుకుంటాయి. వాటికి చిన్నపలక చాలు. రెండో రకంలో పేజీ ఫోటోలాగా బిగుసుకుని ఉంటుంది. అక్షరం పెంచితే పేజీ తెర దాటిపోతుంది; పంక్తి పంక్తికీ అటూ ఇటూ జరుపుకోవాలి. తెరలో చుక్కలు ఎక్కువుంటే అక్షరం అంచు నునుపుగా కనిపిస్తుందే గాని, అక్షరం పెద్దది కాదు.

అందుచేత మా ఇంట్లో ఎవరు ఏ రకం చదువుతారో వారం రోజులు రాసి పెట్టమని అమ్మాయికే అప్పగించాను. వారం చివర ఆమె లెక్క తెచ్చింది: మొత్తం 31 సార్లు; అందులో 26 సార్లు బిగుసుకున్న పేజీలే.

"పెద్దదే కొనండి నాన్నా," అని ఆమే అన్నది. వెల ఎక్కువ గనక రెండు నెలలు ఆగి పెద్దపలక కొన్నాము. అది వ్యాసపీఠం దిగదు, ఇల్లు దాటదు. అమ్మాయి బస్సులో చదవటానికి గ్రంథాలయం నుంచి కథల పుస్తకాలు తెచ్చుకుంటున్నది.

పిల్లలూ, మీరు పెద్దపలకే కొనాలని నేను అనటం లేదు. మీరు ప్రయాణాలలో కథలు చదువుకునేవాళ్ళయితే చిన్నదే మంచిది. కాని కొనేముందు ఒక అట్టముక్క కత్తిరించండి, ఒక పేజీ అంటించండి, ఇంట్లో అందరిచేతా చదివించండి. ఏది కొన్నా 20 నిమిషాలకొకసారి తల ఎత్తి దూరంగా ఉన్న చెట్టునో చేమనో కాసేపు చూడండి.

పెద్దలకు కూడా ఒక మనవి. పిల్లవాడు తప్పు చదివితే కేకలు వేసేముందు, వాడు చూస్తున్నదేమిటో ఒకసారి వాడి పక్కన కూర్చుని చూడండి.

నిన్న రాత్రి మా చిన్నవాడు పలక ముందు కూర్చుని నాయనమ్మను పిలిచాడు. "నాయనమ్మా, ఇక్కడ మంచి కథ ఉన్నది," అన్నాడు.

"కథా, కదా?" అని ఆమె అడిగింది.

వాడు ఒత్తు కింద వేలు పెట్టి చూపించి, గట్టిగా, "కథే!" అన్నాడు.